ఉడుంపట్టు

ఊరి పేరు పేచ్. హంగరీలో, దక్షిణాన.
పేరులోనే పేచీ ఉందని మనం నవ్వుకుంటాం గానీ
అక్కడివాళ్లకు ఆ మాట తెలియదు.
ఎటెల్కా వామొషి పేచీ మాత్రం అందరికీ తెలుసు:
పద్నాలుగేళ్లుగా, రెండో అంతస్తులో,
ఎగ్జాస్ట్ ఫ్యాను మోత కింద,
మట్టిలో బతికే ఓ సూక్ష్మజీవితో.

ఆ జీవికి కళ్లు లేవు, చదువు లేదు.
పొలంలో చల్లిన పురుగుమందు దాని దాకా వస్తే
లోపలున్న ఎంజైము
ఇలా పట్టి, అలా విరిచి, వదిలేస్తుంది.
రెప్పపాటులో వందలసార్లు.
తాను అరగదు, కరగదు,
పాలను పెరుగు చేసి
మర్నాటికీ మిగిలే తోడులాగా.

ఎటెల్కా చేసింది ఒక ఉంగరం.
ఏడు చక్కెర పూసలు గుండ్రంగా గుచ్చి
అంచున జింకు పొదిగింది.
సీసాలో చూస్తే తెల్లటి పొడి,
ఉప్పో, మైదాపిండో అనుకుంటాం.
అసలు ఎంజైముది వందల పూసల దండ,
మడత మీద మడత, మడతలో మడత.
దీనికి ఏడే.
పులిని చూసి వాత పెట్టుకున్న నక్క అని
సెమినారులో వెనక బెంచీ నుంచి ఎవరో
వాళ్ల భాషలో అలాంటిదే ఏదో అన్నారు.
ఆమె తేదీ వేసి మరీ నోటుబుక్కులో రాసుకుంది.

నక్క పట్టింది. విరిచింది కూడా.
ఒకే ఒక్కసారి.
ఆ తర్వాత విరిగిన ముక్కను వదల్లేదు.
ఉడుంపట్టు.
వేడి చేసింది, ఉప్పు మార్చింది,
ఆమె కుర్చీలోనే కునుకు తీసినా
బీకరులో అయస్కాంతపు పుల్ల
గిరగిరా తిరుగుతూనే ఉంది.
గ్రాఫులో గీత కాస్త లేచి
ఆదివారం మధ్యాహ్నంలా పడుకుంది.
ఇంకా గట్టిగా పట్టే ఉంగరం చేద్దామని
నాలుగేళ్లు పోయాయి.
అక్కడే తప్పు జరిగిందని ఇప్పుడు చెప్పడం తేలిక.

నవంబరు చలి మెచెక్ కొండలు దిగి వచ్చింది.
ఆమె చేతితొడుగు బొటనవేలి దగ్గర పిగిలింది.
తోలు తొడుగులు కుట్టే చేతులు
ఒకప్పుడా ఊరినిండా ఉండేవి.
ఇప్పుడొక సందులో, ఆరు మెట్లు దిగితే, బీబొర్కా.
తోలును తడిపి, బల్ల అంచున సాగదీసి,
బుగ్గకు ఆనించి చూసే మనిషి.
తొడుగును తిరగేసి ముఖం చిట్లించింది.
"ఎవరమ్మా కుట్టింది? బిగుతుగా ఎవడైనా కుడతాడు.
చెయ్యి దూరితే చాలదు. బయటికి రావాలి."
బొటనవేలి మొదట్లో
గోరంత తోలుముక్క, గాలిపటం ఆకారంలో,
వదులుగా అతికింది.
"ఇది చెయ్యి కోసం కాదు.
చెయ్యి కదలడం కోసం."

ఎటెల్కా చిల్లర తీసుకోవడం మరిచిపోయింది.
బస్సులో తొడుగు వేసుకుంది, తీసింది,
మళ్లీ వేసుకుంది, తీసింది.
ఎదుటి సీటు పిల్లవాడు
చేతిలో రొట్టె మరిచి చూశాడు.

ఎంజైము ఒడిసిపట్టేది
రాబోయే మందును కాదు, పోయే ముక్కలనూ కాదు.
అదీ కాక ఇదీ కాక
విరగబోతూ ఇంకా విరగని
ఆ ఒక్క వంపును.
ఇదేం కొత్త కాదు, పాఠ్యపుస్తకంలో ఉన్నదే.
ఇరవయ్యేళ్లుగా ప్రతి మంగళవారం
ఆ పాఠం చెబుతున్నదీ ఆమే.

ఉంగరానికి ఒక పక్క
వదులుగా ఊగే తోక తగిలించింది.
ఫిబ్రవరికి లెక్క తేలింది: నలభై ఒకటి.
నలభై ఒక్కసార్లు పట్టి, విరిచి, వదిలి
అప్పుడు సొమ్మసిల్లింది.
మట్టిలోని జీవి ఈ లెక్కకు నవ్వదు,
దానికి నోరు లేదు.
నక్క నక్కే. వాతలు వాతలే.
కాకపోతే ఈ నక్కకు
నోట కరిచింది విడవడం వచ్చింది.

రాత్రి పది.
ప్రయోగశాల రబ్బరు తొడుగులు చెమటకు అంటుకుపోయాయి.
ఒక్కో వేలూ లాగి, ఊది,
విసుక్కుంటూ ఊడదీసింది.
కోటు వేసుకుంది. తలుపు దాకా వెళ్లింది.
వెనక్కి వచ్చి, కలిపే యంత్రం స్విచ్ మీద వేలు పెట్టి
ఆపకుండానే తీసేసింది.

నలభై రెండోది ఉందేమో.